దొరగారి పొట్టలో దొంగ

నేను కోడూరు చేరేసరికి పదిన్నర. ఎస్సై వచ్చేది పన్నెండింటికి. నా క్లయింటు పరువు దక్కించడానికి మిగిలింది గంటన్నర. అందులో కొంత గేటు దగ్గరే పోయింది. గేటుకి అడ్డంగా శ్యాంబాబు నిలబడి ఉన్నాడు మరి.

"క్రైమ్ సీన్ మేడమ్. బయటివాళ్ళకి ఎంట్రీ లేదు," అన్నాడు నల్లకళ్ళజోడు తియ్యకుండానే.

"కుందేళ్ళ షెడ్డుని క్రైమ్ సీన్ అన్న మొనగాడివి భూమ్మీద నువ్వొక్కడివేనయ్యా. తప్పుకో, ఎండ మాడుతోంది."

"నన్ను సాల్మన్ రాజు గారు పెట్టుకున్నారు. మిమ్మల్ని పెట్టుకున్నది ముద్దాయి భార్య. ముద్దాయి తరఫువాళ్ళు సాక్ష్యాలు తారుమారు చేస్తారు."

"ముద్దాయో కాదో తేల్చాల్సింది కోర్టు. నువ్వెప్పుడు జడ్జీవయ్యావు?"

శ్యాంబాబుకి గుడివాడలో డిటెక్టివ్ ఏజెన్సీ ఉంది, దానికో యూట్యూబ్ ఛానెల్ ఉంది. కేసు సగంలో ఉండగానే ఎవడో ఒకడి ఫొటో చుట్టూ ఎర్రగీత గీసి వీడియో పెట్టేస్తాడు. ఆ తర్వాత ఆ మనిషి ఊళ్ళో తలెత్తుకోలేడు. వీణ్ణి చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నేను లక్ష్మీకాంతాన్ని. బందర్లో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి, పై అధికారితో మాటా మాటా పెరిగి, ఉద్యోగం వాడి మొహాన కొట్టి, ఇంటి అరుగు మీద డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నదాన్ని. నాకు నోరెక్కువంటారు. నిజమే, కాదన్ను.

కేసు సంగతి చెప్తాను. సాల్మన్ రాజు ఒకప్పుడు రొయ్యల రైతు. చెరువులకి జబ్బులొచ్చి చేతులు కాలాక, చెరువు గట్టు మీద షెడ్డు వేసి కుందేళ్ళు పెట్టాడు. అందులో రాజు లాంటిది దొర అనే తెల్ల పోతు కుందేలు. ఫారంలో పుట్టిన పిల్లల్లో సగానికి వాడే తండ్రి. సోమవారం రాత్రి నుంచి ఒకదాని తర్వాత ఒకటి నాలుగు కుందేళ్ళు పొట్టలుబ్బి చచ్చిపోయాయి. ఇవాళ బుధవారం. దొర కూడా పడకేశాడు.

పక్క పొలం గోవర్ధనరావుది. ఆయన కూడా ఒకప్పుడు రొయ్యలు పెంచినవాడే. ఆ మధ్య ఒక కుందేలు తప్పించుకుని ఆయన మినప చేలో పడి మేసింది. "ఇంకోసారి వస్తే బతకదు, చెప్తున్నా!" అని ఆయన గట్టు మీద నిలబడి అరిచాడు. ఊరంతా విన్నది. సోమవారం మధ్యాహ్నం అదే గట్టు మీద వీపున స్ప్రేయర్ తగిలించుకుని కనబడ్డాడు. సాల్మన్ రాజు కుందేళ్ళు తినేది ఆ గట్టు గడ్డే. ఇంకేం కావాలి? ఫొటో చుట్టూ ఎర్రగీత పడిపోయింది.

గోవర్ధనరావు భార్య దుర్గ నిన్న ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. "మా ఆయన అన్నం ముట్టట్లేదండీ. కేసు పెడుతున్నందుక్కాదు. పెడుతున్నది సాల్మన్ అయినందుకు. వాళ్ళిద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళండీ. ఈయన మందు కొట్టింది గట్టుకి అవతలి వైపు, మినప చేలో. చెప్తే వినేదెవరు?" చుట్టాలు కాకపోయినా, ఒకే కులం కాకపోయినా, ఆ ఇద్దరూ ముప్పొద్దులా "బావా" అంటే "బావా" అనుకున్నవాళ్ళట. ఇప్పుడు ఒకడు ఇంకొకణ్ణి జైలుకి పంపబోతున్నాడు. నాకెందుకో ఆ మాట గుండెలో గుచ్చుకుంది. అందుకే పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలు రెండు పక్కన పడేసి బస్సెక్కాను.

గేటు దగ్గరి గోల విని సాల్మన్ రాజే బయటికొచ్చాడు. గడ్డం పెరిగి, కళ్ళు గుంటలు పడి, కుందేళ్ళకంటే తనే జబ్బుమనిషిలా ఉన్నాడు.

"రానివ్వండి శ్యాంబాబు గారూ. ఎవరొచ్చి చూసినా నిజం నిజమే," అన్నాడు.

ప్రశ్నలు అక్కడే మొదలెట్టాను. టైము లేదు.

"దొర ఆఖరిసారి మేత ఎప్పుడు తిన్నాడండీ?"

"సోమవారం సాయంత్రమండి. ఆ గట్టు గడ్డే."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఒక్క పరక కూడా పెట్టలేదండి. నా చేతుల్తో నేను ఏమీ పెట్టలేదు. ప్రమాణం చేస్తా."

"ఎందుకు పెట్టలేదు?"

"విషమెక్కిన పొట్టకి మళ్ళీ మేతెందుకండి? లంఖణం పరమౌషధం అన్నారు గదా పెద్దలు."

"ఆ పెద్దలు కుందేళ్ళని పెంచలేదండీ!" అని షెడ్డులోంచి ఒక ఆడగొంతు అరిచింది.

ఆ అరిచింది పశువుల డాక్టరు సుప్రియ. పొద్దున్నే సరోజ కబురు పెడితే వచ్చిందట. సరోజంటే సాల్మన్ రాజు భార్య. డాక్టరు ఒళ్ళో తువ్వాలు, తువ్వాల్లో దొర. అంత పెద్ద కుందేలు మూటలా ముడుచుకుపోయి, పళ్ళు కొరుకుతూ, ఎటూ చూడకుండా ఉంది. నాకు కుందేళ్ళ గురించి తెలిసింది తక్కువే కానీ, నొప్పిని ఓర్చుకుంటున్న మొహం ఎవరిదైనా గుర్తుపడతాను.

"మనకి లంఖణం మందేమో గానీ, వీటికి లంఖణమే జబ్బండీ," అంది సుప్రియ, దొర పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి. "కుందేలు పొట్ట ఎప్పుడూ ఆడుతూ ఉండాలి. ఒక పూట మేత ఆగితే పేగులు నిలబడిపోతాయి. గ్యాసు పట్టి పొట్ట ఉబ్బుతుంది. నొప్పికి ఇంకా తినదు. ఇప్పుడు లోపల చప్పుడే లేదు."

సరోజ అందుకుంది. "నేను చెప్తూనే ఉన్నానండీ, గడ్డి పెడదాం అని. ఈయన వినరు. శుక్రవారం ఉపవాస ప్రార్థనకి ఒక్క పూట మానేస్తే రెండో పూటకి మూడు వాయిల ఇడ్లీలు లాగించే మనిషి, మూగజీవాలకి మాత్రం లంఖణాలు పెడతారు!"

"కానీ డాక్టరమ్మా, గ్యాసూ గీసూ కాదు. విషం," అన్నాడు శ్యాంబాబు ముందుకొచ్చి. "గడ్డి మీద కలుపు మందు. గోవర్ధనరావు స్ప్రేయర్ ఆల్రెడీ సీజ్ చేశాను."

"సీజ్ చేశావా? ఏ అధికారంతో?" అన్నాను.

"వీడియో ఉంది మేడమ్."

"వీడియో ఉంటే అధికారం ఉన్నట్టా? అయితే మా వీధిలో కోతి కూడా నా దువ్వెన సీజ్ చేసింది. దాని వీడియో నా దగ్గరుంది."

సరోజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను షెడ్డు చూడటం మొదలెట్టాను. రెండు వరసల పంజరాలు. ముందు వరస సాల్మన్ రాజు సొంతంగా చూసుకునేది. ఎంపిక చేసిన పోతులూ, మంచి తల్లులూ అందులోనే ఉన్నాయి. వెనక వరస సరోజది. చచ్చిన నాలుగూ ముందు వరసవే. వెనక వరసలో ఒక్కటి కూడా తుమ్మలేదు. ఒక బూడిద రంగు తల్లి కుందేలయితే నా వేలు చూసి తిండనుకుని పంజరం పట్టుకుని ఊపింది.

"సరోజ గారూ, వెనక వరసకి ఏం పెడతారు?"

"అదే గట్టు గడ్డండీ. దాంతోపాటు ఎండుగడ్డి ఇరవై నాలుగ్గంటలూ వాటి ముందు ఉండాల్సిందే. దాణా మాత్రం గుప్పెడే."

"ఇవాళ కూడా అదే గట్టు గడ్డా?"

"ఇదిగో, ఇప్పుడేగా వేశాను."

బూడిద రంగు తల్లి నోట్లో పచ్చటి పరక గబగబా లోపలికి పోతోంది. "ఏవయ్యా శ్యాంబాబూ, నీ కలుపు మందు ముందు వరస, వెనక వరస చూసుకుని పనిచేస్తుందా?" అన్నాను.

శ్యాంబాబు కళ్ళజోడు సర్దుకున్నాడు. "కొన్నిటికి రోగనిరోధక శక్తి ఎక్కువ మేడమ్."

"దొర పెంటికలు ఎప్పట్నుంచి తగ్గాయో చెప్పండి సరోజ గారూ. ఊడ్చేది మీరే గదా."

"ఆదివారం నుంచండీ. చర్చికి వెళ్ళే ముందు ఊడుస్తుంటే చేటలోకి చారెడు కూడా రాలేదు. వచ్చినవి కూడా ఆవగింజలంతే. రోజూ అయితే శనగల్లా గుండ్రంగా, బోలెడు వచ్చేవి. నిన్నట్నుంచి అసలు లేవు."

"గోవర్ధనరావు గారు మందు కొట్టింది?"

"సోమవారం మధ్యాహ్నం," అన్నాడు సాల్మన్ రాజు. అని, తనన్న మాట తనకే వినబడినట్టు ఆగిపోయాడు.

అవును మరి. సోమవారం కొట్టిన మందుకి ఆదివారమే పొట్ట చెడదు గదా! కానీ అది చాలదు. ఎస్సై బంగార్రాజు సంగతి నాకు తెలుసు. "ఈయన కాదు" అంటే ఒప్పుకోడు, "మరెవరు?" అంటాడు. టైము పదకొండూ పది.

శ్యాంబాబు ఆఖరి అస్త్రం తీశాడు. జేబులోంచి జిప్ కవర్. అందులో గోధుమ రంగు ముద్ద.

"ఇది చూసి మాట్లాడండి. బాధితుడి వాంతి. దొర పంజరం పక్కన నీళ్ళ డ్రమ్ము కింద స్వయంగా సేకరించాను. ల్యాబ్‌కి వెళ్తే విషం పేరుతో సహా బయటికొస్తుంది. ప్రాణం పణంగా పెట్టి తీశానండీ! అక్కడ నిలబడితే చాలు, చీమలు పీకి పందిరేస్తున్నాయి. షూటింగు కూడా అటు మార్చుకోవాల్సి వచ్చింది."

సుప్రియ తల కూడా ఎత్తలేదు. "కుందేలు వాంతి చేసుకోదండీ," అంది.

"ఏంటి?"

"దానికి వాంతి రాదు. లోపలికి వెళ్ళింది కింద నుంచి పోవాల్సిందే, పైకి రాదు. అందుకే పొట్ట విషయంలో ఇంత జాగ్రత్త."

నేను శ్యాంబాబు చేతిలో కవర్ లాక్కున్నాను. విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పుల్లటి వాసన. తియ్యటి వాసన. ఎక్కడో బాగా తెలిసిన వాసన. కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు కల్లు కుండలు పగలగొట్టిన రోజుల్లో ఒంటికి పట్టి వారమైనా పోయేది కాదు.

"చీమలన్నావు. ఎక్కడ?"

"అదిగో, ఆ డ్రమ్ము దగ్గర. ఏం మేడమ్?"

డ్రమ్ములోంచి సన్నటి పైపు ముందు వరస పంజరాలన్నిటికీ పోయింది. పైపు పొడుగునా చీమల బారు. ఒక్కో పంజరం దగ్గర నీళ్ళు తాగే గొట్టం చుట్టూ చీమలు నల్లగా మూగి ఉన్నాయి. వెనక వరసకి మట్టి మూకుళ్ళు, మామూలు నీళ్ళు. అక్కడ ఒక్క చీమ లేదు. కలుపు మందుకి చీమలు పడతాయని నేనెక్కడా వినలేదు. గొట్టం నొక్కి ఒక చుక్క వేలి మీద వేసుకుని నాలిక్కి రాసుకున్నాను.

"అయ్యో మేడమ్, విషం!" అని శ్యాంబాబు అరిచాడు.

"విషం కాదు, బెల్లం," అన్నాను. "బెల్లం పాకం పులిసింది. ఆ కవర్లోది తవుడు మడ్డి. సాల్మన్ రాజు గారూ, ఇటు రండి."

సాల్మన్ రాజు వచ్చాడు.

"మీరు నాకు అబద్ధం చెప్పలేదు. మేత ఏమీ పెట్టలేదన్నారు, నిజమే. నేనే సగం అడిగి వదిలేశాను. నీళ్ళలో ఏం కలిపారు?"

"అది మేత కాదండి, మందు." ఆయన గొంతు సన్నబడింది. "ప్రోబయాటిక్. రొయ్యలకి పొట్ట చెడితే మేత ఆపేసి, బెల్లం, తవుడు, ఈస్టు కలిపి పులియబెట్టి చెరువులో చల్లుతాం. ఎన్ని చెరువులు నిలబడ్డాయండి దాంతో! అదే వీటికీ..."

ఈ దివిసీమలో రొయ్యల రైతు ఎవర్ని లేపినా నిద్రలో కూడా ఆ పాళ్ళు చెప్తాడు. దాన్ని కుందేలుకి తాగించాలన్న ఆలోచన మాత్రం చెరువులో చేతులు కాల్చుకున్నవాడికే వస్తుంది.

"దొర పొట్ట ఆదివారం గదా చెడింది. మందు ఎప్పుడు మొదలెట్టారు?"

"శనివారం సాయంత్రం."

"జబ్బు రాకముందే మందా? ఎందుకని?"

సాల్మన్ రాజు తల దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. భార్యని చూశాడు, డాక్టరు వంక చూడలేకపోయాడు, చివరికి నా చెవి దగ్గరికొచ్చి గొణిగాడు.

"గురువారం తెల్లవారుజామున చూశానండి. దొర... వాడిది వాడే తింటున్నాడు."

"ఏది?"

"అదేనండి. వెనక నుంచి వచ్చింది వచ్చినట్టు వంగి... ఛీ, నా నోటితో ఎలా చెప్పను? అంత దర్జాగా పెంచానండి వాణ్ణి! పొట్ట పాడై మతి చెడిందనుకున్నా. ఊరికి తెలిస్తే పరువు పోతుందని సరోజక్కూడా చెప్పలేదు."

సుప్రియకి వినబడనే వినబడింది. నవ్వాలో ఏడవాలో తెలియక ఆ పిల్ల కళ్ళు మూసుకుంది.

"అంకుల్, అన్ని కుందేళ్ళూ తింటాయండీ. రోజుకి రెండు రకాలు వేస్తాయి. గట్టివి మీరు ఊడ్చేవి. మెత్తగా ద్రాక్ష గుత్తిలా వచ్చేవి మళ్ళీ తింటాయి. అందులోనే వాటికి కావలసిన సత్తువంతా ఉంటుంది. అది తినడం మానేస్తే కంగారు పడాలి గానీ, తింటే కాదు. దొరకి ఏ జబ్బూ లేదు అప్పుడు. పులిసిన బెల్లం నీళ్ళు పొట్టలోకి పోయి, లోపలుండే మంచి క్రిములు చచ్చి, చెడ్డవి పెరిగి ఉబ్బించాయి. పైన మీరు మేత ఆపేశారు."

"అంటే నాలుగింటినీ..."

సాల్మన్ రాజు నెమ్మదిగా డ్రమ్ము పక్కన కూలబడ్డాడు. చీమలు కాళ్ళ మీదికి పాకుతున్నా దులుపుకోలేదు. ముద్దుగా చూసుకున్న వరసే చచ్చింది, వెనక వరస బతికింది. ఆ మాట ఆయన పైకి అనలేదు గానీ, వెనక పంజరాల వైపు చూసిన చూపులో నాకు కనబడింది. కోపంతో వచ్చినదాన్ని, నా మనసే కరిగిపోయింది.

"ఏడుపు తర్వాత. ముందు డ్రమ్ము ఒంపండి," అన్నాను.

సరోజ డ్రమ్ము ఒంపి పైపు కడిగింది. సుప్రియ దొరకి నొప్పి తగ్గే ఇంజెక్షనూ, పేగులు కదిలే ఇంజెక్షనూ ఇచ్చి, చర్మం కింద సెలైన్ ఎక్కించింది. గ్యాసుకి పసిపిల్లల చుక్కల మందు పట్టింది. వేణ్ణీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టించింది. "పొట్ట మెత్తగా నిమరండి. నొక్కకూడదు," అని దొరని తెచ్చి శ్యాంబాబు ఒళ్ళో పెట్టింది. అక్కడ ఖాళీగా ఉన్నది వాడొక్కడే. నల్లకళ్ళజోడు జేబులో పెట్టుకుని, గుడివాడ డిటెక్టివు కుందేలు పొట్ట నిమురుతూ కూర్చున్నాడు. ఆ వీడియో ఎవరూ తియ్యకపోవడం నాకిప్పటికీ బాధే.

పన్నెండుకి పది నిమిషాలు. సుప్రియ స్టెతస్కోపు పెట్టి చెయ్యెత్తింది.

"గుడగుడ మంది!"

ఆ వెంటనే శ్యాంబాబు ఉలిక్కిపడ్డాడు. ఒళ్ళోకి చూసుకున్నాడు. ప్యాంటు మీద మూడు చిన్న నల్ల పెంటికలు. సరోజ "స్తోత్రం!" అని చేతులెత్తింది. నేను వాటిని చూసి చప్పట్లు కొట్టానంటే మా వీధిలో నమ్మరు. దొర ముక్కు కదిపాడు, సరోజ పెట్టిన ఎండుగడ్డి పరకని వాసన చూశాడు, కొరికాడు. "పూర్తిగా గట్టెక్కలేదు, కానీ దారిలో పడ్డాడు," అంది సుప్రియ.

గుమ్మంలో నీడ పడింది. గోవర్ధనరావు. నేనే దుర్గకి ఫోన్ చేసి పంపమన్నాను. మనిషి సగం చిక్కిపోయాడు. లోపలికి రాకుండా బయటే నిలబడి, ఒకే ఒక్క మాట అడిగాడు.

"దొర లేచాడా?"

సాల్మన్ రాజు లేచి నిలబడ్డాడు. "బావా, చంపింది నేను. నువ్వు కాదు. పదిమందిలో నీ పేరు చెప్పాను. నన్ను చెప్పుతో కొట్టు."

"ఏం పోశావు?"

"బెల్లం, తవుడు, ఈస్టు. నువ్వు నేర్పిన పాళ్ళే."

"ఓరి నీ... నేను నేర్పింది రొయ్యలకిరా!" గోవర్ధనరావు తల బాదుకున్నాడు. కళ్ళలో నీళ్ళు, మొహంలో నవ్వు. అది చాలు, కేసు తేలినట్టే అనుకున్నాను. కానీ ఆయన మొహంలో నవ్వు ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఉండు. నీది ఎముక లేని చెయ్యి. ఇంకెవరికిచ్చావు?"

సాల్మన్ రాజు మొహం సున్నం కొట్టినట్టయింది.

"మన దగ్గర కుందేలు పిల్లల్ని కొన్నవాళ్ళందరికీ. ఆదివారం చర్చి అయ్యాక బండేసుకుని తిరిగి సీసాలు పంచాను బావా. ఊరికే ఇచ్చాను, పుణ్యమొస్తుందని."

గేటు ముందు జీపు ఆగింది. ఎస్సై బంగార్రాజు దిగాడు. చేతిలో లాఠీ లేదు, ఫైలు లేదు. అట్టపెట్టె ఉంది. దాన్ని రెండు చేతుల్తో బాలింత బిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు.

"కంప్లయింటు సంగతి తర్వాత. డాక్టరుగారెవరండీ? మా పాప కుందేలు రాత్రి నుంచి తినట్లేదు, పొట్ట చూడండి. పాప స్కూల్నుంచి వచ్చేలోగా ఇది లేవకపోతే నేను ఇంటికెళ్ళలేను. ఆదివారం ఎవరో సీసాలో మందిచ్చారట. ఎవరు? ఎవరి తయారీ అది?"

సుప్రియ పెట్టె అందుకుంది. సాల్మన్ రాజు ఒకడుగు ముందుకేశాడు. నోరు తెరిచేలోగా గోవర్ధనరావు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాదేనండీ. ఆ మందు నాది. నా పేరు రాసుకోండి."

"బావా!"

"నువ్వు నోర్ముయ్. ఇప్పటికే నాలుగు పోగొట్టుకున్నావు, చాలు."

పొద్దున్నుంచీ ఎండలో మాడి, పులిసిన తవుడు వాసన చూసి, చీమల చేత కుట్టించుకుని నేను నిర్దోషిగా నిలబెట్టిన మనిషి, నా కళ్ళముందే, నా అనుమతి లేకుండా, నేరం ఒప్పుకుంటున్నాడు! ఎస్సై పెన్ను తీశాడు.

శ్యాంబాబు దొరని సరోజ చేతికిచ్చి, ప్యాంటు దులుపుకుని, నల్లకళ్ళజోడు పెట్టుకుని కెమెరా ఆన్ చేశాడు.

"చూశారా మేడమ్?" అన్నాడు. "మొదట్నుంచీ నేను చెప్తున్నది ఆయన్నే గదా!"